విరిగిన ప్లేటును మరల గీయుట ఎట్లు? కంప్యూటరుపై యంత్రభాగముల రూపకల్పన నేర్చుకొనువారికి కొన్ని సూచనలు

తొలకరి పడిన పిమ్మట నేలలో పదును నిలుచునది కొలది దినములు మాత్రమే. "అదునెరిగి సేద్యము, పదునెరిగి పైరు" అని పెద్దలు చెప్పిన మాట ఈ దినములకే తగియున్నది. అట్టి వేళ ట్రాక్టరునకు తగిలించిన విత్తు యంత్రములో అరచేతి పాటి ప్లేటు ఒకటి విరిగినచో, యంత్రమంతయు చెట్టుక్రింద నిలిచిపోవును. ఆ ప్లేటు వెల స్వల్పమే కావచ్చును; అది ఎప్పుడు దొరకునన్నదే ప్రశ్న. కంపెనీ ఆ మాదిరిని చేయుట మానుకొన్నను, దుకాణదారు "వచ్చే వారము రండి" అని చెప్పినను, రైతునకు ఫలమొక్కటే: పదును ఆరిపోవును.

పూర్వము ఈ చిక్కు ఇంతగా లేకుండెను. గొర్రు జడ్డిగము పగిలినచో వడ్రంగి మరియొకటి చెక్కి యిచ్చెడివాడు. కర్రు అరిగినచో కమ్మరి కొలిమిలో కాల్చి సాగగొట్టెడివాడు. మాదిరి వారి చేతిలోనే యుండెను. నేటి యంత్రముల మాదిరి దూరపు కర్మాగారములలో నున్నది. ఆ మాదిరిని మరల మన సంఘపు ఆవరణమునకు తెచ్చుకొనుటకు కంప్యూటరుపై రూపకల్పన చేయు విద్య యొక మార్గము. దీనిని నేర్చుకొన దలచిన సభ్యులకును, వారి కుమారులకును, కుమార్తెలకును ఉపయోగపడునని యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఈ విద్య యెట్టిది?

కంప్యూటరు సహాయముతో వస్తురూపములను గీయుటను క్యాడ్ అని పిలుచుచున్నారు. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయమున ఐవాన్ సదర్లాండ్ అను నతడు స్కెచ్‌ప్యాడ్ అను ప్రోగ్రాము చేసి, వెలుతురు కలముతో తెరపై గీతలు గీచి చూపెను. అందలి ముఖ్య విశేషమేమన, ఈ రెండు గీతలు సమానముగా నుండవలెను, ఇవి సమాంతరముగా నుండవలెను అని నియమము చెప్పినచో, యంత్రమే ఆ నియమమును కాపాడుచుండుట. నేటి క్యాడ్ ప్రోగ్రాములకును ఇదియే ప్రాణము. కాగితముపై గీసిన బొమ్మను మార్చవలెనన్న చెరిపి మరల గీయవలెను; ఇందులో కొలతను మార్చిన చాలును, దానిని ఆశ్రయించిన బొమ్మయంతయు తానే మారును.

చాలకాలము ఈ ప్రోగ్రాములకు బలమైన కంప్యూటరును, వెలగల లైసెన్సును కావలసియుండెను. పిమ్మట క్లౌడ్ పద్ధతి వచ్చినది. క్లౌడ్ అనగా మేఘము. కాని యిది రైతు ఎదురుచూచు మేఘము కాదు. దూరమున నుండు పెద్ద కంప్యూటరులు లెక్కయంతయు చేసి, ఫలితమును ఇంటర్నెట్టు ద్వారా మన తెరకు పంపును. 1993లో సాలిడ్‌వర్క్స్ కంపెనీని స్థాపించిన జాన్ హిర్ష్‌టిక్, 2012లో కొందరితో కలిసి మరియొక కంపెనీని స్థాపించెను. దాని ఆన్‌షేప్ అను ప్రోగ్రాము 2015లో అందరికిని తెరువబడెను, 2019లో పి.టి.సి. అను కంపెనీ దానిని కొనెను. ఆన్‌షేప్ బ్రౌజరులోనే పనిచేయును గనుక కంప్యూటరులో వేరుగా నేదియు ఎక్కింపనక్కరలేదు. ఆటోడెస్క్ వారి ఫ్యూజన్ కంప్యూటరులో ఎక్కింపవలసినది, చిత్రములను మాత్రము క్లౌడులో దాచును. బడిపిల్లలు మొదలిడుటకు అదే కంపెనీవారి టింకర్‌కాడ్ సులభమైనది. ఈ వ్యాసమున ఆన్‌షేప్‌ను ఉదాహరణగా గైకొనుచున్నాము.

గ్రామములకు ఇట్టి పని అసాధ్యమని తలంపరాదు. మహారాష్ట్రములో పుణె జిల్లా పాబళ్ గ్రామమందలి విజ్ఞాన ఆశ్రమమున 2002లోనే, ఎం.ఐ.టి. వారి సహాయముతో ఫ్యాబ్ ల్యాబ్ అను పనిశాల వెలసినది. మన హైదరాబాదులో 2023 మార్చిలో టీ-వర్క్స్ అను నమూనాల పనిశాల ప్రారంభమైనది.

మొదట కొలత, తరువాత గీత

కావలసిన సామగ్రి స్వల్పము: ఒక ల్యాప్‌టాప్, నడుమ చక్రముగల మౌసు, ఇంటర్నెట్టు, ఒక వెర్నియర్ కాలిపర్, కాగితము, పెన్సిలు. వీనిలో కాలిపర్ అన్నిటికంటె ముఖ్యమైనది. కొలత తప్పయినచో కంప్యూటరు ఆ తప్పునే మిక్కిలి చక్కగా గీసి యిచ్చును.

విత్తు యంత్రపు ప్లేటునే ఉదాహరణగా తీసికొందము. మొక్కజొన్నకు సాలునకు సాలునకు నడుమ 60 సెం.మీ., మొక్కకు మొక్కకు నడుమ 20 సెం.మీ. ఎడముండవలె ననుకొందము. యంత్రపు నేలచక్రము వ్యాసము 40 సెం.మీ. అయినచో, ఒక్క చుట్టునకు అది సుమారు 125.7 సెం.మీ. దూరము నడచును. చక్రము రెండు చుట్లు తిరిగినప్పుడు ప్లేటు ఒక చుట్టు తిరుగునట్లు పండ్లచక్రములున్నచో, ప్లేటు ఒక చుట్టునకు యంత్రము 251 సెం.మీ. పోవును. ప్లేటునకు 12 రంధ్రము లున్నచో 251ని 12చే భాగింపగా సుమారు 21 సెం.మీ. వచ్చును. ఇది మనము కోరినదానికి చేరువ.

పొరపాటున 10 రంధ్రములు పెట్టితి మనుకొనుడు. ఎడము 25 సెం.మీ. అగును. ఒక ఎకరమునకు 12 రంధ్రముల ప్లేటుతో సుమారు 32,200 గింజలు పడవలసియుండగా, 10 రంధ్రములతో 26,800 మాత్రమే పడును. అనగా ఎకరమునకు 5,400 మొక్కలు మొలవకముందే పోయినట్లు. తెరపై రెండు రంధ్రముల తేడా కంటికి కూడ ఆనదు. పొలములో అది పంటకాలమంతయు కనుపించును. కావున లెక్కను కాగితముపై ముందుగా వేసికొని, ఆ కాగితమును చిత్రముతోపాటు భద్రపరుపవలెను.

గింజను కూడ కొలువవలెను. విత్తబోవు సంచినుండి 20 గింజలు తీసి, వాని పొడవు, వెడల్పు, మందము వ్రాసికొనుడు. పెద్ద గింజ పొడవు 11 మి.మీ. ఉన్నచో రంధ్రము సుమారు 12 మి.మీ. ఉండవచ్చును. మరీ పెద్దదైనచో రెండు గింజలు పడును. బిగుతైనచో గింజ నలుగును, లేదా రంధ్రము ఖాళీగా పోవును. ప్లేటు మందము గింజ మందమునకు సరిపోవలెను.

నేర్చుకొను క్రమము

మొదటి దినముననే ట్రాక్టరు గీయబూనుట తగదు. ఈ క్రమమున పోవుడు.

మొదటి పాఠము: పాత ప్లేటు వెలుపలి వృత్తమును గీచి, దానికి వ్యాసము కొలత నిచ్చుట. వృత్తపు మధ్యబిందువును తెరపై నుండు మూలబిందువునకు కట్టుట. ఇట్టి చదునైన గీతల చిత్రమును స్కెచ్ అందురు.

రెండవ పాఠము: ఆ వృత్తమును మందముగా లేపి బిళ్లగా చేయుట. దీనికి ఎక్స్‌ట్రూడ్ అను పనిముట్టు కలదు.

మూడవ పాఠము: నడుమ ఇరుసునకు రంధ్రము, అంచునకు దగ్గరగా గింజకు ఒక్క రంధ్రము చేయుట. పండ్రెండును గీయనక్కరలేదు. ఒక్కదానిని సరిగా గీచి, దానిని మధ్యబిందువు చుట్టు 12 మారులు త్రిప్పుమని చెప్పినచో, 30 డిగ్రీల కొకటి చొప్పున అన్నియు సమాన దూరమున నిలుచును. పిమ్మట వేరుశనగ ప్లేటు కావలసినచో రంధ్రముల సంఖ్యను, వ్యాసమును, మందమును మార్చిన చాలును.

నాలుగవ పాఠము: ప్లేటును, దాని క్రింది గిన్నెను, ఇరుసును కలిపి తెరపై కూర్చి, ఒకటి తిరుగునప్పుడు మరియొకటి తగులుచున్నదా యని చూచుట.

దినమునకు ఒక గంట చొప్పున అభ్యసించువారు ఈ నాలుగింటిని ఓపికతో సాధింపవచ్చును. చూచి నేర్చుకొన్నదానికంటె, ఇంటనున్న వస్తువును కొలిచి గీసినది ఎక్కువ నిలుచును. తలుపు గొళ్లెము, పంపు మూత, స్ప్రేయరు నాజిలు మూత మొదలగునవి మంచి పాఠములు.

వచ్చు చిక్కులు, వాని నివారణలు

నేర్చుకొనువారిలో పెక్కుమంది మొదటి చిక్కు రాగానే "ఇది మనకు రాదు" అని విడిచిపెట్టుచున్నారు. చిక్కులు కొన్ని తరగతులవే. కారణము తెలిసినచో భయము పోవును.

1. తెర తెరచుకొనకుండుట, బొమ్మ కుంటుచు కదలుట. లెక్క దూరమున జరిగినను, బొమ్మను తెరపై చూపుపని మన కంప్యూటరుదే. బ్రౌజరు పాతదైనచో క్రొత్తదానిని ఎక్కింపుడు. బ్రౌజరు సెట్టింగులలో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అనునది నడచుచున్నదా చూడుడు. తెరచియున్న ఇతర పుటలను మూయుడు.

2. ఇంటర్నెట్టు తెగుట. ఆన్‌షేప్‌లో చిత్రమును దాచుటకు వేరుగా మీట నొక్కనక్కరలేదు. ప్రతి పనియు జరిగిన వెంటనే దాచబడుచుండును. లైను తెగినచో కంగారుపడి మీటలు నొక్కక, ఫోను హాట్‌స్పాటుతోనైనను మరల కలిసి, చివరి పని నిలిచినదా యని చూచుకొనుడు. లైను లేనిదే ఈ ప్రోగ్రాము నడువదు. ఇది దీని ముఖ్యమైన లోపము.

3. గీతలు నీలముగనే యుండుట. నీలిగీతకు ఇంకను కొలతయో, స్థానమో చెప్పలేదని యర్థము. దానిని మౌసుతో పట్టి లాగిచూడుడు. ఏ వైపునకు కదలునో ఆ వైపు కట్టు లేదు. అన్ని కట్లును పడిన గీత నల్లనగును. నీలిగీతలు గల చిత్రమును లేపినను లేచును, గాని ఒకనాడు కొలత మార్చినప్పుడు తలవని తలంపుగా వంకరపోవును. ఇసుకపై కట్టిన యింటికిని దీనికిని భేదము లేదు.

4. గీతలు ఎఱ్ఱబారుట. ఇది ముందరిదానికి విరుద్ధము. ఒకే గీతకు రెండు పరస్పర విరుద్ధ నియమములు చెప్పితి మన్నమాట. చివరగా చేర్చిన కొలతను గాని నియమమును గాని తీసివేసి చూడుడు.

5. స్కెచ్ లేవకుండుట. చుట్టుగీత ఎచ్చటనో కలియలేదు. కంటికి కనబడని సందు చాలును. ఆన్‌షేప్‌లో మూసికొన్న ఆవరణము లేత ఛాయతో నిండి కనుపించును. నిండలేదనిన కంచెలో సందున్నదని తెలియవలెను. మూలలను పెద్దవిగా చేసి చూచి, కొసలను కలుపుడు.

6. పాత కొలతను మార్చగానే తరువాతి పనులన్నియు ఎఱ్ఱబారుట. క్రొత్తవారిని ఎక్కువగా బెదరించునది ఇదియే. చివరి మడికి నీరు రాకున్న మనము చివరి మడిలో త్రవ్వము. కాలువ వెంట పైకి పోయి, గండిపడిన తావును చూతుము. ఇచ్చటను అట్లే. తెర ప్రక్కన చేసిన పనుల పట్టిక యుండును. పైనుండి క్రిందికి చూచుచు వచ్చి మొట్టమొదట ఎఱ్ఱబారిన పనిని మాత్రము సవరింపుడు. క్రిందివి పెక్కు తామే చక్కబడును. పట్టిక క్రిందనుండు అడ్డగీతను పైకి జరిపినచో ఆ దశవరకు బొమ్మ యెట్లుండెనో చూడవచ్చును.

7. వస్తువు చాల పెద్దదిగనో చిన్నదిగనో వచ్చుట. ఇది కొలమానముల తగవు. మనము మి.మీ. అనుకొన్నది ఆవల అంగుళము కావచ్చును. ఒక అంగుళము 25.4 మి.మీ. త్రీడీ ముద్రణకు పంపు ఎస్.టి.ఎల్. ఫైలులో అంకెలే గాని, అవి మి.మీ. లో అంగుళములో యను మాట యుండదు. కనుక ఫైలుతోపాటు "వెలుపలి వ్యాసము ఇన్ని మి.మీ." అని వ్రాసి పంపవలెను.

8. మంచి చిత్రము చెడిపోవుట. జరిగిన మార్పుల చరిత్రయంతయు ప్రోగ్రాములో నిలిచియుండును. వెనుకటి స్థితికి పోవచ్చును. పెద్దమార్పునకు ముందు ఒక వెర్షను పేరుపెట్టి దాచుట మంచిది. "12 రంధ్రములు, పొలములో పరీక్షించినది" అని పేరు పెట్టినచో మరుసటి యేడు వెదకువారికి తెలియును.

ఇందేదియు పనికిరాకున్నచో, మేము ప్రదర్శన క్షేత్రములలో పాటించు పద్ధతినే చెప్పుదుము. ఎరువును, విత్తనమును, నీటిని ఒక్కసారిగ మార్చినచో దేనివలన ఫలము మారినదో తెలియదు. ఒకటి మార్చి తక్కినవి అట్లే యుంచి, పోలికకు ఒక మడి విడిచిపెట్టుదుము. క్యాడులోను చిత్రమునకు నకలు తీసి, ఆ నకలులో ఒక్క మార్పు చొప్పున చేసి చూడవలెను. ఇతరులను అడుగునప్పుడు "పనిచేయుటలేదు" అని మాత్రము వ్రాయక, ఏమి చేసితిమి, ఏమి కావలెననుకొంటిమి, ఏమి అయినది, తెరపై వచ్చిన వాక్యమేమి అను నాలుగింటిని వ్రాయుడు. చిత్రమును చూచుటకు మాత్రము అనుమతి నిచ్చు లంకెను పంపుడు.

తెరనుండి పొలమునకు

ఒక వృద్ధ రైతు మమ్ము నిట్లడిగెను: "అయ్యా, బొమ్మ బాగుగనే యున్నది, ఇది విత్తునా?" ఇది న్యాయమైన ప్రశ్న. కావున ఏ భాగమునైనను మూడు పరీక్షలు దాటనిదే పొలమునకు పంపరాదు.

మొదటిది కాగితపు పరీక్ష. చిత్రమును అసలు కొలతకు ముద్రించి, పాత ప్లేటును దానిపై బెట్టి చూడవలెను. ముద్రించునప్పుడు పుటకు సరిపడునట్లు తగ్గించు ఏర్పాటును తీసివేయవలెను. రెండవది నమూనా పరీక్ష. ఒక్క ప్లేటు మాత్రమే చేయించి గిన్నెలో అమర్చుడు. త్రీడీ ముద్రణలో రంధ్రములు గీసినదానికంటె కొంచెము చిన్నవిగ వచ్చుట సాధారణము. పి.ఎల్.ఎ. అను ప్లాస్టిక్కు సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వేడికి మెత్తబడును. మన వేసవి యెండలో ఇనుప యంత్రముపై విడిచినచో వంగిపోవచ్చును. పి.ఇ.టి.జి. వంటిది అంతకంటె వేడికి ఓర్చును. మూడవది నేల పరీక్ష. నేలచక్రమును పదిమారులు త్రిప్పి, పడిన గింజలు లెక్కింపుడు. పైన చెప్పిన యంత్రమునకు ప్లేటు ఐదు చుట్లు తిరిగి 60 గింజలు పడవలెను. పొలములో చక్రము కొంత జారును గనుక కొలది గజములు విత్తి, మట్టి తీసి, ఎడములను కొలిచి చూడుడు.

ఈ పనిలో కమ్మరిని, వెల్డింగు పనివానిని వెలిగా నుంచరాదు. లోహమెచ్చట విరుగును, ఎచ్చట మందము పెంచవలెను అను సంగతి చిత్రము చెప్పదు. వారి చేయి చెప్పును. చిన్నవారు కంప్యూటరు వద్దను, పనివారు వారి ప్రక్కను కూర్చుండినచో ఉభయులకును విద్య పెరుగును.

సంఘములు గమనింపవలసినవి

క్లౌడులోని వస్తువు పరుల గాదెలో దాచిన ధాన్యము వంటిది. గాదె మంచిదే కావచ్చును. తాళము మాత్రము మన యొద్ద లేదు. 2020లో ఆటోడెస్క్ వారు ఫ్యూజన్ ఉచిత వినియోగపు షరతులను మార్చి, ఒకేసారి సవరించుటకు వీలగు చిత్రములు పదికి మించరాదని నిర్ణయించిరి. కనుక పూర్తియైన ప్రతి చిత్రమును స్టెప్ ఫైలుగా దింపి, సంఘపు కంప్యూటరులోను, వేరొక డ్రైవులోను ఉంచవలెను. స్టెప్ ఫైలును ఇతర క్యాడ్ ప్రోగ్రాములును తెరువగలవు. అయితే అందు రూపమే గాని, చేసిన పనుల పట్టిక రాదు. అందుచేత కొలతల కాగితమును కూడ జతపరుపవలెను.

ఆన్‌షేప్ ఉచిత ఖాతాలో గీసినది లోకమంతటికిని కనుపించును. వ్యాపారమునకు దానిని వాడరాదు. ప్లేట్లు చేసి అమ్మదలచిన సంఘము సొమ్ము చెల్లించు ఖాతానైనను తీసికొనవలెను, లేదా ఫ్రీకాడ్ నైనను వాడవలెను. ఫ్రీకాడ్ ఉచితము, ఇంటర్నెట్టు లేకయే మన కంప్యూటరులో నడచును, వ్యాపారమునకును అడ్డులేదు. దాని 1.0 వెర్షను 2024 నవంబరులో వచ్చినది. లైను సరిగా లేని యూళ్లకు ఇదియే మేలు. ఇతర కంపెనీల భాగములను పోలినవి అమ్మకమునకు చేయుటకు ముందు పేటెంటు, డిజైను హక్కుల సంగతి తెలిసినవారిని విచారింపవలెను.

ఖాతా ఒక గుమాస్తా స్వంత పేర నుండరాదు. సంఘము పేరనే యుండవలెను. పాస్‌వర్డు కనీసము ఇద్దరు బాధ్యుల యొద్ద నుండవలెను. ఒకడు ఊరు విడిచిపోయినచో పదిమంది శ్రమయు వానితో పోరాదు.

ఏరువాక వచ్చిన పిమ్మట నేర్చుకొందమనిన ఆలస్యమగును. పంట యింటికి వచ్చి చేతికి తీరిక చిక్కిన నెలలలో ప్రతి సంఘమును తన యంత్రములను విప్పి, ఏ భాగములు తరచుగా విరుగునో పట్టిక వ్రాసి, వానిలో ఐదింటిని కొలిచి గీయించినచో చాలును. తొలకరి నాటికి ఆ ఐదు చిత్రములును, ఒక్కొక్కదానికి పరీక్షించిన నమూనాయును సంఘపు బీరువాలో నుండవలెను. ఇట్లు చేసిన సంఘములవారు తమ యనుభవమును, తగిలిన క్రొత్త చిక్కులను ఈ పత్రికకు వ్రాసి పంపినచో తక్కిన సభ్యులకు మిక్కిలి మేలగును.